రాగం మారవచ్చు, భావం మారకూడదు

గౌతమి వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెడితే, ఆదివారం ఉదయం ఏదో ఒక మందిరం నుండి పాత కీర్తన చెవినబడుతుంది. మీకిష్టమైన పాట ఏదని పెద్దలనడిగితే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరుస్తారు. యువకులనడిగితే అదే కీర్తనను కీబోర్డు, డ్రమ్స్‌తో కొత్తగా పాడిన రికార్డింగును సెల్‌ఫోనులో వినిపిస్తారు. అసలైన పాట ఏదని సంఘంలో పేచీ కూడా వస్తుంది. ఆ కీర్తనల్లో ఎన్నింటినో రాసిన పురుషోత్తమ చౌధరి గారి జీవితంలోనే దానికి జవాబుంది.

ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ముక్తి ఎలా దొరుకుతుందన్న ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. గురువులను ఆశ్రయించారు, తనకు తెలిసిన దారులన్నీ వెదికారు. చివరికి సువార్త పత్రికలు చదివి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో కులం పోవడమంటే బంధువుల పంక్తి, ఇంటి గౌరవం, ఊరి అండ అన్నీ పోవడమే. ఆయన ఆ వెల చెల్లించారు. తర్వాత శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల్లో సువార్త ప్రకటించారు. కులభేదాన్ని విమర్శిస్తూ కులాచార పరీక్ష అనే పుస్తకం రాశారు.

ఆ కాలంలో ఇంగ్లిషు కీర్తనలను అనువదించి, వాటిని ఇంగ్లిషు రాగాల్లోనే పాడేవారు. చౌధరి గారు మాత్రం మన పల్లవినీ చరణాలనూ ఎన్నుకున్నారు. మన రాగతాళాల్లో క్రీస్తును స్తుతించారు. పాత్ర మన ఊరిదే, అందులో పోసినది సువార్త. అందుకే ఆ కీర్తనలు చదువురాని వారి నాలుక మీద కూడా నిలిచాయి. ఆలోచిస్తే, తెలిసిన బాణీలో కొత్త సంగతి పాడే పని మన యువకుల కంటే ముందు ఆయనే చేశారు!

ఆయన 1890లో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన కీర్తనలు హార్మోనియం, తబలాల మీద పల్లెలు తిరిగాయి, పట్టణాల్లో గాయక బృందాల గొంతుల్లో పలికాయి, క్యాసెట్లలోకి ఎక్కాయి, ఇప్పుడు ఫోన్లలోకి వచ్చాయి. కొత్తగా పాడినంత మాత్రాన నష్టం లేదు. నష్టమంతా చరణాలు తగ్గించడంలో ఉంది. పాపాన్ని ఒప్పుకునే చరణం తీసేసి, ఆ చోట వాయిద్యాలు నింపితే చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ కన్నీటితో దేవుని వెదికిన ఆ మనిషి అందులో కనబడడు, మనల్ని సిలువ దగ్గరికి నడిపించే దారి మధ్యలోనే తెగిపోతుంది.

ఆత్మతో పాడాలి, మనసుతోనూ పాడాలి అన్నదే కొరింథు సంఘానికి పౌలు చేసిన బోధ (1 కొరింథీ 14:15). పాత బాణీలో అర్థం తెలియకుండా పాడినా, కొత్త బాణీలో అర్థం వదిలేసి పాడినా తప్పు ఒకటే. వచ్చే ఆదివారం ఒక కీర్తన తీసుకుందాం. పెద్దలు దాని కఠిన పదాలను పిల్లలకు వివరించాలి. పిల్లలు తమకు వచ్చిన వాయిద్యం వాయించాలి. చరణాలు మాత్రం ఒక్కటీ వదలకుండా అందరం కలిసి పాడుదాం.