శ్రీసభను వీడని అసమ్మతి: మేత్రాణులు స్ట్రోస్మాయర్

పాపుగారి పదవికి బైబిలులో ఆధారమే లేదని ఒక కతోలిక మేత్రాణులు 1870లో వాటికన్ మహాసభలో ప్రసంగించారంటూ ఒక కరపత్రం దేశదేశాలా తిరిగింది. ఆ మేత్రాణులు నిజంగా ఉన్నారు. ప్రసంగం మాత్రం బూటకం. దాన్ని ఆయనే బహిరంగంగా ఖండించారు.

ఆయన యోసిప్ యురయ్ స్ట్రోస్మాయర్. 1815లో నేటి క్రొయేషియాలోని ఒసియెక్ పట్టణంలో జన్మించారు. 1838లో గురుపట్టం పొందారు. 1849లో, 34వ ఏట, జాకొవో మేత్రాణులుగా నియమితులయ్యారు. మేత్రాసనానికి విస్తారమైన భూములుండేవి. వాటి ఆదాయాన్ని ఆయన ప్రజల చదువుకు వెచ్చించారు. జాగ్రెబ్‌లో విజ్ఞాన అకాడమీ స్థాపనకు, 1874లో ఆధునిక విశ్వవిద్యాలయం ప్రారంభానికి ఆయన విరాళాలే పెద్ద అండ.

1869 డిసెంబరులో తొమ్మిదవ పయస్ జగద్గురువులు మొదటి వాటికన్ మహాసభను ప్రారంభించారు. విశ్వాస, నైతిక విషయాలలో శ్రీసభ అంతటికీ తుది నిర్ణయంగా బోధించేటప్పుడు పాపుగారు పొరపడరన్న సత్యాన్ని విశ్వాస సూత్రంగా ప్రకటించాలన్న ప్రతిపాదన వచ్చింది. స్ట్రోస్మాయర్ వ్యతిరేకించారు. పాపుగారి పదవిని ఆయన కాదనలేదు. విశ్వాస సూత్రాలను కేవలం అధిక సంఖ్యతో కాక, మేత్రాణులందరి ఏకాభిప్రాయంతో నిర్ణయించాలన్నదే ఆయన వాదం. 1870 మార్చి 22న ఆ మాట చెబుతూ, ప్రొటెస్టెంటులలోనూ క్రీస్తును ప్రేమించేవారున్నారని అన్నందుకు సభలో కేకలు చెలరేగాయి. ఆయన ప్రసంగం ముగించకుండానే వేదిక దిగవలసి వచ్చింది.

జూలై 18న తుది ఓటింగులో 533 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. స్ట్రోస్మాయర్, మరి సుమారు 55 మంది మేత్రాణులు పాపుగారి ఎదుట వ్యతిరేకంగా ఓటు వేయలేక, అంతకు ముందే రోమును విడిచారు.

తరువాత కొందరు శ్రీసభను వీడి వేరు సంఘం పెట్టుకున్నారు. ఆయన వారితో చేరలేదు. మనస్సాక్షి పోరు రెండేళ్ళకు పైగా సాగింది. చివరకు 1872లో ఆ నిర్ణయాన్ని తన మేత్రాసన పత్రికలో ప్రకటించారు. 1881లో స్లావ్ యాత్రికులను వెంటబెట్టుకొని రోముకు వెళ్ళి, పదమూడవ లియో జగద్గురువులను దర్శించారు.

జాకొవోలో ఆయన కట్టించిన మహాదేవాలయం 1882లో అభిషేకం పొందింది. అది పునీత పేతురుగారి పేరిట వెలసింది. 1905లో, 90వ ఏట, కన్నుమూసిన ఆయన సమాధి ఆ దేవాలయంలోనే ఉంది.

మేత్రాణులందరూ పాపుగారితో కలిసి ఒకే బృందంగా శ్రీసభను నడిపిస్తారని 1964లో ద్వితీయ వాటికన్ మహాసభ బోధించింది. ప్రొటెస్టెంటులను సోదరులుగా గౌరవించింది. స్ట్రోస్మాయర్ వాదమంతా నెగ్గిందని దీని అర్థం కాదు. కాని ఆ రోజు కేకలలో మునిగిపోయిన మాటల్లో కొంత సత్యముందని తేలింది. మన విచారణలలోనూ అభిప్రాయభేదాలు వస్తాయి. చెప్పవలసింది సభలోనే చెప్పడం, చెప్పాక ఇల్లు విడిచిపోకుండా ఉండడం ఆయన నేర్పిన పాఠం.