ఎందుకని అడిగిన మనిషి – త్రిపురనేని గోపీచంద్

మన పెద్దలు ఒక మనిషిని తూచేటప్పుడు మొదట అడిగేది, పట్టిన పని విడవకుండా చేశాడా లేదా అని. ఆ తూనికలో పెడితే త్రిపురనేని గోపీచంద్ గారు తేలిపోతారు. లాయరు చదువు చదివి కోర్టు వదిలేశారు. సినిమాలు తీసి నష్టపోయారు. సర్కారు ఉద్యోగం చేశారు. చివరికి ఆకాశవాణిలో చేరారు. నమ్మకాలైనా నిలిచాయా అంటే అదీ లేదు. అయినా ఆయన పోయి అరవై ఏళ్ళు దాటాక కూడా మనం ఆయన పుస్తకాలు చదువుతున్నాం. ఇది ఎలా జరిగిందో చెప్పటమే నా ప్రయత్నం.

గోపీచంద్ గారు 1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టారు. తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు. ఆయనా లాయరే. డబ్లిన్ వెళ్ళి బారిస్టరు చదివి వచ్చి, తెనాలిలో స్థిరపడ్డారు. కక్షిదారుల కేసులతో తృప్తిపడక ఏకంగా పురాణాలనే బోనులో నిలబెట్టారు. శంబూకవధ, సూతపురాణం ఆ వాదనలే. సంస్కృత మంత్రాలు లేకుండా తెలుగులోనే పెళ్ళి జరిపించే పద్ధతి కూడా రాశారు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఆస్తి కంటే ముందు అబ్బింది ఒక్కటే మాట – ఎందుకు?

గోపీచంద్ గారు కూడా తండ్రి బాటలోనే లా డిగ్రీ తీసుకుని కొంతకాలం ప్రాక్టీసు పెట్టారు. ఆ వృత్తిలో ఇమడలేకపోయారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. మాది అరకు లోయలో వ్యవసాయ కుటుంబం. మా వైపు లాయరంటే చిన్న సంగతి కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ తెచ్చి, 1970లో గట్టిపరిచారు. దాన్నే అందరం 1/70 అంటాం. చట్టమైతే ఉంది గాని, దాన్ని చదివి మన తరఫున నిలబడి మాట్లాడే మనిషి కావాలి కదా! అందుకని నల్లకోటు చేతికొచ్చాక వదిలేశాడంటే మా ఊళ్ళో ఎవరూ మెచ్చుకోరు. నాకూ మొదట అది రుచించలేదు. కాని ఆయన తర్వాత చేసిన పనులు చూస్తే, కోర్టునైతే వదిలారు గాని వకాల్తాను వదల్లేదని తెలిసింది.

1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన రైతుబిడ్డ సినిమాకు మాటలు రాసింది గోపీచంద్ గారే. జమీందారీలో రైతు పడే పాట్లే ఆ కథ. జమీందారులకు అది కంటగింపయింది. రైతు గోడు కోర్టులో ఒక్క జడ్జీ వింటాడు, సినిమా హాలులో ఊరంతా వింటుంది. తర్వాత ఆయన లక్ష్మమ్మ, పేరంటాలు, ప్రియురాలు సినిమాలకు దర్శకత్వం వహించారు. సినిమా ఆయనకు కలిసిరాలేదు, డబ్బుకు చాలా ఇబ్బంది పడ్డారు. దారి మార్చుకోవటం ఊరికే జరగదు, దానికి ధర కట్టాల్సిందే. ఆయన కట్టారు.

భావాల్లోనూ అంతే. వయసులో ఉండగా కమ్యూనిజం వైపు మొగ్గారు. అందులో కొన్ని సంగతులు నచ్చక ఎం.ఎన్. రాయ్ మానవవాదం వైపు వచ్చి, ఆంధ్రలో రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి కార్యదర్శిగా పనిచేశారు. ఆ రోజుల్లోనే 1947లో అసమర్థుని జీవయాత్ర వచ్చింది. తెలుగులో మనోవైజ్ఞానిక నవలల్లో దాన్ని మొదట చెబుతారు. అందులో సీతారామారావు వంశప్రతిష్ఠ అనే భారాన్ని ఎందుకని అడక్కుండా నెత్తికెత్తుకుంటాడు. ఆస్తి పోతుంది, మనసు చెదురుతుంది, చివరికి బతుకే పోతుంది. తండ్రి చెప్పిన మాట మోసిన కొడుకు కథను, తండ్రినే ప్రశ్నించటం నేర్చుకున్న కొడుకు రాశాడన్నమాట!

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక సమాచార శాఖ డైరెక్టరుగా పనిచేశారు. 1957 నుంచి ఆకాశవాణిలో ఉండి రేడియోకు నాటికలు, నాటకాలు, కథలు రాశారు. ఇది చిన్న పని అనుకోకండి. చదువురాని వాడికి పుస్తకం మూసిన తలుపు. రేడియోకు ఆ అడ్డు లేదు. మా కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్ళకు తెలుగు మొదట అచ్చులో రాలేదు, చెవిన పడింది – సంతలో, బస్సులో, రేడియోలో. విశాఖపట్నం కేంద్రం మొదలైంది 1963లో. అప్పటికి గోపీచంద్ గారు లేరు. 1962 నవంబరు 2న, యాభై రెండేళ్ళకే కన్నుమూశారు. మరుసటి ఏడు పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామాకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ గౌరవం దక్కిన మొదటి తెలుగు నవల అదే. 2011లో ఆయన పేర తపాలాబిళ్ళ కూడా వేశారు.

ఆఖరి రోజుల్లో ఆయన అరవిందుని తత్వం వైపు వెళ్ళారు. హేతువాది కొడుకు ఆధ్యాత్మికంలోకి పోవటమేమిటని చాలామంది నొచ్చుకున్నారు. సైన్సు విద్యార్థిగా నేనూ అంత దూరం ఆయనతో నడవలేను. అయితే ఒక్కటి ఒప్పుకుంటాను. లాబొరేటరీలో రీడింగు సూత్రానికి కుదరకపోతే రీడింగును దిద్దటం తప్పు. మళ్ళీ చూడాలి, అవసరమైతే సూత్రాన్నే అనుమానించాలి. ఆయన తన బతుకు విషయంలో ఆ పనే చేశారని నా అభిప్రాయం. వచ్చిన జవాబుతో నాకు పేచీ ఉంది గాని, అడిగిన తీరుతో లేదు.

మిత్రులారా, మనలో చాలామంది ఇంట్లో వాళ్ళు కోరిన కోర్సులో ఉన్నాం. వాళ్ళు పంట అమ్మి ఫీజు కట్టారు, వాళ్ళ ఆశ తప్పు కాదు. రేపు దారి మార్చుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. మార్చుకున్నవాడు అసమర్థుడు కాడు, అదే దారిలో నిలిచినవాడూ కాడు. ఎందుకు నడుస్తున్నానని ఒక్కసారైనా అడగనివాడే సీతారామారావు. ఎన్ని కుర్చీలు మారినా ఆ ప్రశ్నను వెంట తీసుకుపోయినవారు గోపీచంద్ గారు.