అయిదవ వాటాదారు
పీలమేడు గోవిందస్వామి నాయుడుగారి జీవితము

ఒక్క పందిరి క్రింద పెరిగిన అన్నదమ్ములు ఆస్తి పంచుకొను నాడు కూడ అన్నదమ్ములుగానే మిగులుట లోకమున అరుదు. కలసి యుండుటకు ప్రేమ చాలును. విడిపోవుటకు ధర్మము కావలెను. ఈ సంగతిని తమ ఇంటి లెక్కలలోనే వ్రాసి చూపిన తెలుగు కుటుంబము కోయంబత్తూరు నగరమున గలదు. ఆ కుటుంబమునకు పెద్ద, పీలమేడు సామానాయుడు గోవిందస్వామి నాయుడుగారు.

విజయనగర ప్రభువుల కాలమునను, పదునారవ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మధురలో రాజ్యము నెలకొల్పిన పిదపను తెలుగు కుటుంబములు అనేకము తమిళదేశమునకు తరలిపోయినవి. కత్తి పట్టి పోయినవారు కొందరు, నాగలి పట్టి పోయినవారు కొందరు, మగ్గముతోను త్రాసుతోను పోయినవారు మరికొందరు. సేద్యగాండ్రలో పలువురు నల్లరేగడి నేలలు చూచి నిలిచిపోయి ప్రత్తి పండించిరి. ఇంట తెలుగు, సంతలో తమిళము. ఈ విధముగ తరములు గడచినను వారు భాషను విడువలేదు. వచ్చిన ఊరిని పరాయిదిగా తలపలేదు. కోయంబత్తూరునకు తూర్పున, అవినాశి బాటమీద నున్న పీలమేడు అట్టి ఊళ్లలో నొకటి.

గోవిందస్వామి నాయుడుగారిది సేద్యపు కుటుంబము. ఆ సీమలో కాలువ నీరు తక్కువ. లోతైన బావులు త్రవ్వి, ఎద్దులతో మోట తోలి పైరు నిలుపుకొనవలెను. అట్టి చోట ఒక్కని కష్టము ఎందుకును చాలదు. తోడుపనియే బ్రతుకు. వారికి నలుగురు కుమారులు: వేంకటస్వామి నాయుడు, రంగస్వామి నాయుడు, గంగా నాయుడు, నారాయణస్వామి నాయుడు. దానధర్మమును అయిదవ కుమారునిగా ఎంచవలెనను భావము ఆ ఇంట నెలకొని యుండెనని ఆ ప్రాంతపు పెద్దలు నేటికిని చెప్పుకొందురు.

కోయంబత్తూరులో 1888లో తొలి నూలు మిల్లు వెలసిన పిమ్మట ప్రత్తి వలన ఆ ఊరికి సిరి వచ్చెను. నాయుడుగారి కుటుంబము కూడ శ్రీ రంగవిలాస్ మిల్లుతో పరిశ్రమలో ప్రవేశించెను. సిరి వచ్చిన ఇండ్లలో సాధారణముగ దాని వెనుకనే తగవు కూడ వచ్చును. ఇచ్చట అట్లు జరుగలేదు. కుటుంబపు సొత్తు పంచునప్పుడు నలుగురికి నాలుగు వాటాలు గాక, ధర్మమునకు అయిదవ వాటా ఏర్పరచిరి. 1926 జనవరిలో ఆ నలుగురు సోదరులు రెండు లక్షల పదునేడు వందల అరువది రూపాయల మూలధనముతో ‘పి.యస్.జి. అండ్ సన్స్ చారిటీస్’ అను ధర్మసంస్థను స్థాపించిరి. ఆ పేరులో తండ్రియు, కొడుకులును కలసియే యున్నారు. ఏ ఒక్క సోదరుని పేరును విడిగా కానరాదు.

వర్తకము తెలిసినవారు ఈ లెక్కను కొంచెము నిలిచి చూడవలెను. నాలుగు వాటాలైనచో ఒక్కొక్కనికి రూపాయిలో నాలుగణాలు వచ్చును. అయిదు వాటాలైనచో మూడణాల చిల్లర మాత్రమే. తగ్గినది ఒక అణాకు లోపు. ఆ అణాకు లోపే అన్నదమ్ములు కచేరీల కెక్కిన ఇండ్లు ఎన్ని లేవు! మిగిలినది ఇచ్చుట భిక్ష. భాగము ఇచ్చుట బాంధవ్యము. భిక్ష పుచ్చుకొనువాడు వాకిట నిలుచును. భాగము గలవాడు ఇంటిలో కూర్చుండును. పైగా పత్రము వ్రాసి ఇచ్చినందున మనసు మారినను సొత్తు మరలదు.

ఆ అయిదవ సోదరునికి ముఖము లేదు, కులము లేదు. 1924లోనే పీలమేడులో నెలకొన్న ఉన్నత పాఠశాలకు సర్వజన పాఠశాల యని పేరిడుటలో ఈ భావమే కానవచ్చును. 1926లో పారిశ్రామిక శిక్షణాలయము వెలసెను. అచ్చట చదువు వేరు, కార్ఖానా వేరు గావు. విద్యార్థులు పనిచేయుచు నేర్చుకొనిరి. నీటి పంపులు, మోటార్లు తయారై అమ్ముడుపోయెను. ఒకనాడు ఎద్దులు లాగిన నీటిని యంత్రము తోడసాగెను. ఆ యంత్రము చేయుట బీదల బిడ్డలకు జీవనాధార మయ్యెను. ధర్మపు సొమ్ము కరగిపోక, తన కాళ్లపై తాను నిలుచుటకు ఇది మంచి ఏర్పాటు.

1939లో పాలిటెక్నిక్కు, 1947లో ఆర్ట్సు కళాశాల, 1951లో సాంకేతిక కళాశాల, 1985లో వైద్య కళాశాల వరుసగ వచ్చినవి. సాంకేతిక కళాశాలకు తొలి ప్రిన్సిపాలుగ నుండిన జి.ఆర్. దామోదరన్‌గారు ఆ కుటుంబమువారే. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని పెద్దలు చెప్పిన నాలుగు దానములలో శాస్త్రదానముతో మొదలైన సంస్థ ఔషధదానమునకు కూడ చేరుకొన్నది.

సోదరత్వమనగా ఒక్కచోట కూర్చుండి భుజించుట మాత్రమే కాదు. ఒకరి నొకరు పొగడుకొనుట అంతకన్నను కాదు. లేనివానికి కూడ తన లెక్కలో ఒక పద్దు వ్రాయుట, ఆ పద్దును ఏటేట చెల్లించుట, చెల్లించితినని చాటుకొనకుండుట, ఇవి దాని లక్షణములు. నలుగురు కుమారుల వాటాలు తరములతో పాటు పంపకములై చీలిపోవుట ప్రకృతి ధర్మము. అయిదవవాని వాటా మాత్రము ఎవరును పంచుకొనలేదు గనుక నేటికిని పెరుగుచునే యున్నది. గోవిందస్వామి నాయుడుగారి పేరు ప్రతిదినము వేలమంది విద్యార్థుల నోట పలుకుచున్నదన్న, అది ఆ వాటా చలువయే.