సుశ్రుతుడు

పూర్వము కాశీరాజగు దివోదాసుడు ఆశ్రమమున నివసించుచుండెను. ఆయనను సాక్షాత్తు ధన్వంతరియని లోకులు భావించిరి. ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు మున్నగు యువకులు కొందరు ఆయన కడకు వచ్చి వైద్యము నేర్పుమని ప్రార్థించిరి. జనులు నానారోగములచే బాధపడుట చూచి యోర్వలేక వచ్చినవారు వారు. అందరి పక్షమున ప్రశ్నలడుగుటకు తమలో నొకనిని ఎన్నుకొనిరి. అతడే సుశ్రుతుడు. గురువు చెప్పిన దానిని అతడు గ్రంథస్థము చేసెను.

అతడు విశ్వామిత్రుని కుమారుడని ఆ గ్రంథమే చెప్పుచున్నది. కాలము విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్ది వాడని కొందరందురు. గ్రంథమునకు తరువాతివారు చేర్చిన భాగములును కలవు. కావున సుశ్రుతుని జీవితమును అతని గ్రంథమునందే వెదకవలెను.

ఆ గ్రంథమున కనబడు గురువు మిగుల కఠినుడు. చదివినంత మాత్రమున శిష్యుని రోగి దరికి చేరనీయడు. కోతను గుమ్మడి, సొర, దోసకాయలపై నేర్వవలెను. కుట్లను దళసరి గుడ్డపైనను మెత్తని తోలుపైనను వేసి చూడవలెను. కట్లను గుడ్డబొమ్మలకు కట్టవలెను. శరీరనిర్మాణము తెలియుటకు మృతదేహమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, ప్రవహించు నీటిలో ఏడు రాత్రులు ఉంచి, పిదప మెల్లగా పొరపొరగా గీకి పరీక్షింపవలెను. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో మరల నిర్మించు విధమును సుశ్రుతుడు వివరించెను. నేటికిని లోకము అతనిని శస్త్రవైద్యుడనియే ఎరుగును.

కాని కత్తితో పనిలేని యొక రోగమును గూర్చి అతడు వ్రాసిన అధ్యాయములు అంతకంటె తక్కువ గొప్పవి కావు. అది ప్రమేహము. అందు ఇరువది భేదములను అతడు చెప్పెను. అన్నిటికిని కడపటి దశ మధుమేహము. సకాలమున చికిత్స చేయనిచో ఏ ప్రమేహమైనను కాలక్రమమున మధుమేహముగా మారుననియు, అప్పుడు అది అసాధ్యమగుననియు అతని నిశ్చయము. అందుచేత రోగము రాకముందే కానవచ్చు సూచనలను అతడు వేరుగా పేర్కొనెను. వీనికి పూర్వరూపములని పేరు. అరచేతులును అరికాళ్లును మండుట, దేహము బరువగుట, మూత్రము తియ్యనగుట, దాహము, మగత అట్టివి. పగటినిద్ర, సోమరితనము, వ్యాయామము లేకుండుట, తీపియు క్రొవ్వును అధికముగా తినుట దీనికి కారణములని చెప్పెను.

రోగులు రెండు విధములవారు. పుట్టుకతోనే రోగబీజము కలవాడు ఒకడు. అతడు బక్కచిక్కి యుండును. అపథ్యముచే తెచ్చుకొన్నవాడు మరియొకడు. అతడు స్థూలకాయుడై, మిక్కిలిగా తినుచు, కూర్చున్నచోటు విడువడు. ఈ రెండవవానికి సుశ్రుతుడు చెప్పిన చికిత్స చూడుడు. ధనమును బంధువులును లేనివాడు చెప్పులు, గొడుగు లేక, భిక్షాన్నము తినుచు, ఊరికొక్క రాత్రి మాత్రమే నిలిచి, నూరు యోజనములకు తక్కువ గాకుండ నడువవలెను. ధనవంతుడు అడవిధాన్యములును ఉసిరి, వెలగ వంటి పండ్లును తిని బ్రతుకవలెను. తక్కినవారు ఎల్లప్పుడు పొలము దున్నవలెను, లేదా బావి త్రవ్వవలెను. వట్టికాళ్లతో నడువుమనుటను మాత్రము నేటి వైద్యులు ఒప్పుకొనరు. మధుమేహికి పాదములకు గాయము తగులుట ప్రమాదకరము.

బావి త్రవ్వుట చికిత్స యనగా అనంతపురము పీఠభూమిలోని నల్లమాడ ప్రాంతమువారికి నవ్వు వచ్చును. వర్షము మిగుల తక్కువైన ఆ సీమలో అది చికిత్స కాదు, బ్రతుకుతెరువు. రాతినేలను గడ్డపారతో పెకలించి బావి త్రవ్వి, కపిలతో నీరు తోడి, రైతు పైరు పండించెడివాడు. సుశ్రుతుడు రోగులకు విధించిన పాతధాన్యములలో అరికలు, పప్పులలో శనగలు, కందులు, ఉలవలు, పెసలు కలవు. కొఱ్ఱ, అరిక, రాగి, ఉలవ ఈ సీమవారి నిత్యాహారముగా నుండెను. పిమ్మట వేరుశనగ చిరుధాన్యముల చేలను ఆక్రమించెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప వరియన్నము పేదయింటికిని చేరెను. అది ఆకలి తీర్చిన మేలే. దానిని నిందించుట తగదు. అయినను సంగటి ముద్ద పలుచబడెను. బావి త్రవ్వు పనిని బోరు యంత్రము చేపట్టెను. 2022లో నల్లమాడ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరెను. నేల మాత్రము అదియే.

బక్కచిక్కిన రోగిని ఎల్లప్పుడు కాపాడుచుండవలెనని తప్ప అంతకుమించి సుశ్రుతుడు చెప్పలేకపోయెను. అట్టివారికి చాలకాలము దిక్కు లేకుండెను. 1922 జనవరిలో కెనడా దేశపు టొరాంటో నగరమున 14 ఏండ్ల బాలునకు మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చిరి. మొదటి సూదిమందు సరిగా పనిచేయలేదు. మందును శుద్ధిచేసి మరల ఇచ్చినప్పుడు బాలుడు కోలుకొనెను.

రెండవ విధమువారి సంగతి వేరు. సుశ్రుతుని ప్రమేహమును నేటి మధుమేహమును పూర్తిగా ఒకటే యనుట సరికాదు. అయినను రోగమునకు ముందొక మెట్టు కలదనుటను నేటి శాస్త్రమును అంగీకరించినది. దీనికి ప్రీడయాబెటిస్ అని పేరు. రాత్రి భోజనము పిదప ఏమియు తినక, ఉదయమున రక్తము పరీక్షించినచో, డెసిలీటరునకు 100 మిల్లీగ్రాముల లోపు చక్కెర యుండుట ఆరోగ్యము. 126 గాని అంతకు మించి గాని యుండుట మధుమేహము. మరల పరీక్షించి నిర్ధారింతురు. నడుమనున్నది ఆ మెట్టు. సుశ్రుతుడు చెప్పిన సూచనలు చాలమందికి ఈ దశలో కనబడవు. మంటయు లేదు, దాహమును లేదు. మనిషి తాను ఆరోగ్యవంతుడననియే తలచుచుండును. రక్తపరీక్ష యొక్కటే దానిని తెలుపగలదు. 2023లో ప్రకటింపబడిన గణన ప్రకారము మన దేశమున ఇట్టివారు సుమారు 13 కోట్ల 60 లక్షలమంది.

వీరందరు మధుమేహులగుట తప్పదా? మద్రాసు నగర వైద్యులు ఇట్టివారిని 531 మందిని ఎంచుకొని సుమారు మూడేండ్లు పరిశీలించి, 2006లో ఫలితమును ప్రకటించిరి. సామాన్యమైన సలహా తప్ప ప్రత్యేక శ్రద్ధ పొందనివారిలో నూటికి 55 మంది మధుమేహులైరి. దినదినము వడిగా నడిచి, ఆహారమును మార్చుకొన్నవారిలో 39 మంది మాత్రమే అయిరి. మాత్రలు మ్రింగినవారి లెక్కయు ఇంచుమించు ఇంతే.