పక్షుల వెంట సలీం అలీ

సలీం అలీ పేరు మనకు జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక బిట్టుగా తెలుసు. భారతదేశపు బర్డ్‌మ్యాన్ ఎవరు అని అడుగుతారు. మనం టిక్కు పెట్టి తరువాతి ప్రశ్నకు పోతాం. ఆ ఒక్క మార్కు వెనుక ఎంత నడక, ఎంత నిరుద్యోగం, ఎంత ఓపిక ఉన్నాయో ఆ పుస్తకంలో రాయరు. మన కర్నూలు, కడప జిల్లాల మెట్ట నేలలకూ ఆయన జీవితానికీ ఉన్న సంబంధం కూడా అందులో ఉండదు.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. చాలామంది పిల్లలున్న ఇంట్లో చివరివాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి చనిపోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలందరినీ పెంచారు. సలీం చదువులో ముందుండే పిల్లవాడు కాదు. తలనొప్పి వల్ల బడి మానుకున్న రోజులు చాలా ఉన్నాయి. 1913లో మెట్రిక్ కష్టం మీద గట్టెక్కారు.

ఆయనకు దాదాపు పదేళ్ళప్పుడు మేనమామ ఇచ్చిన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు ఊరపిచ్చుకకు అది ఉండదు. ఇదేం పిట్ట అని మేనమామను అడిగితే ఆయనకూ తెలియలేదు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పిట్ట పేరు చెప్పి, అంతటితో పంపించేయకుండా బీరువాలు తెరిచి, దాచిపెట్టిన పక్షులన్నిటినీ చూపించాడు. చిన్నపిల్లవాడు అడిగిన ప్రశ్నను పెద్దవాళ్ళు పట్టించుకోవడం ఎంత మేలు చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

కాలేజీ చదువు మధ్యలో ఆగింది. బర్మాలోని తవాయ్‌లో కుటుంబం వాళ్ళ గని, కలప వ్యాపారం చూసుకోవడానికి పంపారు. అక్కడ కూడా వ్యాపారం కంటే అడవే ఎక్కువ చూశారు. తిరిగి వచ్చి బొంబాయిలో జంతుశాస్త్రం కొంత చదివారు. 1918లో తెహ్మీనా గారితో పెళ్ళయింది. ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో పక్షుల ఉద్యోగం ఖాళీ ఉంటే, పెద్ద డిగ్రీ లేదన్న కారణంతో దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్ పని దొరికింది. సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో స్ట్రెస్‌మన్ అనే పండితుని దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఆ ఉద్యోగమే ఎత్తేశారు!

విదేశంలో చదివి వచ్చినవాడు, పెళ్ళయినవాడు, చేతిలో పని లేదు. బొంబాయిలో బతకడం ఖర్చు కాబట్టి భార్యాభర్తలు సముద్రం ఒడ్డున కిహిమ్ అనే పల్లెకు మారారు. ఆ ఇంటి దగ్గరే గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. నెలల తరబడి చాటుగా కూర్చుని ఆ గూళ్ళనే చూశారు.

గిజిగాడు మనకు తెలియని పిట్ట కాదు. బావి మీదికి వంగిన తుమ్మచెట్లకు, ఈతచెట్లకు వేలాడే ఆ గూళ్ళను అందరం చూశాం. సగం కట్టి వదిలేసిన గూళ్ళు కూడా కొన్ని ఉంటాయి. అవి ఎందుకలా వదిలేశాయో మనలో ఎవరైనా ఆలోచించామా? సలీం అలీ చూసి చెప్పారు. గూడు కట్టేది మగపిట్ట. సగం కట్టగానే ఆడపిట్టలు వచ్చి పరీక్ష చేస్తాయి. ఒకదానికి నచ్చితే అది అందులో కాపురం పెడుతుంది. అప్పుడు మగపిట్ట కింది గొట్టం పూర్తి చేసి, పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. ఎవరికీ నచ్చని గూడు అలాగే మిగిలిపోతుంది. ఇది కనిపెట్టడానికి ప్రయోగశాల లేదు, జీతం లేదు. కళ్ళు, నోటుపుస్తకం, బోలెడంత తీరిక ఉన్నాయి. ఆ వ్యాసంతోనే ఆయనకు శాస్త్రజ్ఞుడిగా పేరు వచ్చింది.

ఆ తరువాత ఆయన ఒక ఉపాయం చేశారు. సంస్థానాల రాజులకు రాసి, నాకు జీతం వద్దు, దారి ఖర్చులూ బస ఖర్చులూ భరిస్తే మీ రాజ్యంలోని పక్షులన్నిటినీ లెక్క రాసి ఇస్తానన్నారు. అలా 1931-32లో నిజాం రాజ్యంలో సర్వే చేశారు. మన్ననూరు, ఫరహాబాద్ దాకా వచ్చారు. అంటే కృష్ణకు అవతలి ఒడ్డు నల్లమల. శ్రీశైలం ఇవతల మన కర్నూలు నల్లమల. తెహ్మీనా గారు కూడా వెంట ఉండి క్యాంపు నడిపించారు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత ఆమె చనిపోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

ఆ రోజుల్లో సర్వే అంటే పక్షిని కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టి భద్రపరచడమే. ఇది చదివితే మనకు బాధ కలుగుతుంది. కానీ ఏ పిట్ట ఎక్కడ ఉండేదని ఇప్పుడు చెప్పగలుగుతున్నామంటే ఆ చీటీల పుణ్యం కూడా ఉంది.

1941లో ఆయన భారతదేశ పక్షుల పుస్తకం వచ్చింది. మామూలు మనిషి చేతిలో పట్టుకుని పిట్టను గుర్తుపట్టేలా రాశారు. డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1968 నుంచి 1974 వరకు వెలువడింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి. గెట్టీ బహుమతి డబ్బును సొసైటీకే ఇచ్చేశారు.

బట్టమేక పక్షిని జాతీయ పక్షిగా చేయాలని ఆయన గట్టిగా కోరారు. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగే పక్షి. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. నెమలికి ఆ గౌరవం లేకపోయినా బతికేది. బట్టమేకకు అది అవసరం అయ్యేది. కర్నూలు దగ్గర రోళ్ళపాడు గడ్డిమైదానంలో 1980లలో సొసైటీ పరిశోధకులు ఏళ్ళ తరబడి ఉండి ఈ పక్షిని చూశారు.

ఇక కలివికోడి సంగతి. జెర్డాన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరు ద్వారా 1848లో లోకానికి తెలిసిన పక్షి ఇది. రొమ్ము మీద రెండు పట్టీలు ఉంటాయి. 1900 తరువాత శాస్త్రజ్ఞులెవరికీ కనపడలేదు. ఎన్నిసార్లు వెతికినా దొరక్క, అంతరించిందనుకున్నారు. అప్పుడు సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చి, బొమ్మ చూపించి పల్లెల్లో అడిగారు. వేట తెలిసినవాళ్ళు అది కలివి పొదల్లో ఉంటుందని, రాత్రిపూట తిరుగుతుందని చెప్పారు. పుస్తకాలు చదివినవాళ్ళు పగలు వెతికారు. అడవిలో తిరిగినవాళ్ళకు రాత్రి సంగతి తెలుసు! 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక పక్షుల వేటగాడు టార్చి వెలుగులో దాన్ని సజీవంగా పట్టుకున్నాడు. ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. కానీ జాతి బతికే ఉందని తేలింది. ఎనభై ఆరేళ్ళ తరువాత! అప్పటికి సలీం అలీ వయసు ఎనభై తొమ్మిది. తన సొసైటీ మనుషులే దాన్ని కనుగొన్నారన్న సంగతి ఆయన బతికి ఉండగానే తెలిసింది.

1987లో క్యాన్సర్‌తో ఆయన మరణించారు. ఆ మరుసటి ఏడే, 1988లో, రోళ్ళపాడునూ లంకమలనూ అభయారణ్యాలుగా ప్రకటించారు. రోళ్ళపాడు 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడ బట్టమేకలు తగ్గుతూ తగ్గుతూ కనపడడమే అరుదైపోయింది. లంకమల దగ్గర 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి ఉండే పొదల్లోకి వచ్చింది. అభ్యంతరం చెబితే కాలువ దారి మార్చారు. నీళ్ళు లేని మన సీమలో కాలువను పక్కకు జరపడం చిన్న మాట కాదు.

ఆ పొదల మధ్య పరిశోధకులు మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, రాత్రి నడిచిన పిట్టల కాలిముద్రలను తెల్లవారి వెతికేవారు. 2009 తరువాత చాలా ఏళ్ళు కలివికోడి జాడ లేదు. 2025 ఆగస్టులో రాత్రిపూట దాని కూత మళ్ళీ రికార్డయింది.