సిలబస్‌లో లేని పుస్తకం



సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు మీకు తెలిసిందే. ఆ తెలుగు గణాంకవేత్తకు గురువు ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ చదివారు. 1915లో ఇంటికి బయలుదేరేటప్పుడు యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో 'బయోమెట్రికా' అనే గణాంక పత్రిక కంటపడింది. సంపుటాలన్నీ కొని, ఓడలోనే చదవడం మొదలుపెట్టారు.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే ఈ కొత్త విద్యను సొంతంగా నేర్చుకున్నారు. 1922లో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచెత్తాయి. నీటిని ఆపేందుకు ఖరీదైన జలాశయాలు కట్టాలన్నారు నిపుణులు. మహలనోబిస్ ఏళ్ల తరబడి నమోదైన వర్షపాతం, వరదల లెక్కలు పరిశీలించి, జలాశయాలతో ప్రయోజనం లేదని, నీరు త్వరగా బయటికి పోయే దారులే కావాలని తేల్చారు.

1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో అక్కడ చేరారు. 1972లో మహలనోబిస్ కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే మన జాతీయ గణాంక దినోత్సవం.

మీ బాబో పాపో సిలబస్‌లో లేని పుస్తకం పట్టుకుంటే వెంటనే పక్కన పెట్టించకండి. ఓడలో ఆయన చదివిన సంపుటాలూ ఏ పరీక్ష కోసమూ కాదు.