బళ్ళారి రాఘవ – ఊరే ఇంటిపేరైన నటుడు

మండీ హౌస్ మెట్రో స్టేషన్‌లో దిగితే చుట్టుపక్కలంతా నాటకశాలలే. దగ్గరలోని రవీంద్ర భవన్‌లో సంగీత నాటక అకాడమీ ఉంది. 1953లో మొదలైన ఆ అకాడమీకి మొదటి అధ్యక్షులు ఒక తెలుగువారు. ఆయనే పాకాల వేంకట రాజమన్నారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఆయన తెలుగులో నాటకాలు కూడా రాశారు. ఆయన రాసిన ‘తప్పెవరిది’ నాటకాన్ని రంగస్థలం మీదికి తెచ్చిన మహానటుని గురించి మనం ఈసారి తెలుసుకుందాం. ఆయన పేరు బళ్ళారి రాఘవ.

రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న ఇప్పటి అనంతపురం జిల్లాలోని తాడిపత్రిలో పుట్టారు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో వకీలు, పేరున్న నాటక రచయిత. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావు అనే మరో వకీలు కూడా నాటకాలు రాసేవారు. ఇద్దరికీ చెరొక నాటక సమాజం ఉండేది. పగలు కోర్టు, రాత్రి నాటకం! ఆ గాలిలో పెరిగిన రాఘవ చిన్న వయసులోనే ముఖానికి రంగు వేసుకున్నారు. మద్రాసులో చదువుకుని, న్యాయశాస్త్రం పూర్తిచేసి, బళ్ళారిలో ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసులలో దిట్ట అనిపించుకున్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు. కుటుంబాన్ని నడిపింది వకీలు వృత్తి. నాటకం ఆయన డబ్బు కోసం ఆడలేదు.

బళ్ళారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. వీధిలో తెలుగు, కన్నడం రెండూ వినిపించేవి. కోర్టులో ఇంగ్లీషు. రాఘవ ఈ మూడు భాషల్లోనూ నటించారు. తెలుగులో హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, హరిశ్చంద్రుడు, పఠాన్ రుస్తుం వంటి పాత్రలు వేశారు. షేక్‌స్పియర్ నాటకాలంటే ఆయనకు ప్రాణం. ఒథెల్లో, షైలాక్ పాత్రలను ఇంగ్లీషులోనే ధరించారు. 1927లో ఆయన హిందీలో ప్రదర్శించిన ‘దీనబంధు కబీర్’ను గాంధీజీ చూసి మెచ్చుకున్నారు. మనలో చాలామందికి నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయినప్పుడల్లా చుట్టూ ఉండే భాష మారిపోతుంది. కొత్త భాషలో నాలుగు మాటలు కలిపి మాట్లాడడమే ఎంత కష్టమో మనకు తెలుసు. ఆ భాషలో ఏడిపించడం, భయపెట్టడం, నవ్వించడం ఇంకెంత కష్టమో ఆలోచించండి!

ఆ రోజుల్లో నాటకమంటే ముందుగా పాట. హార్మోనియం పక్కన నిలబడి పద్యాన్ని ఎంతసేపు రాగం తీస్తే అంత గొప్ప. జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేస్తే, చనిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడి పడిపోయేదని పెద్దలు చెబుతుంటారు. రాఘవ ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. పద్యమైనా మాటలాగే అర్థం కావాలని, పాత్ర మనసు ముఖంలో, కళ్ళలో, నడకలో కనిపించాలని ఆయన నమ్మారు. పాటల కోసమే వచ్చే ప్రేక్షకులకు ఇది మొదట రుచించకపోవచ్చు. అయినా ఆయన తన దారి మార్చుకోలేదు.

దానికంటే పెద్ద పోరాటం మరొకటి ఉంది. అప్పట్లో ఆడవేషాలు కూడా చాలావరకు మగవారే వేసేవారు. మర్యాదగల ఇంటి ఆడపిల్ల నాటకంలో వేషం వేస్తే ఆ కుటుంబాన్నే వేలెత్తి చూపేవారు. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలని రాఘవ గట్టిగా వాదించారు. వాదించి ఊరుకోలేదు. చదువుకున్న స్త్రీలను ప్రోత్సహించి, తన పక్కన నిలబెట్టి నటింపజేశారు. కొమ్మూరి పద్మావతీదేవి అలా ఆయనతో కలిసి రంగస్థలం మీద నటించినవారే. ఊళ్ళో పేరున్న వకీలుకు మాట పడడం చిన్న విషయం కాదు. ఆ నటీమణులు పడిన మాటలు ఇంకా ఎక్కువే అయి ఉంటాయి. ఈ రోజు మన వార్షికోత్సవంలో అమ్మాయిలు ఏ జంకూ లేకుండా వేషాలు వేస్తున్నారంటే, వెనక అలాంటివారి ధైర్యం ఉంది.

1928లో రాఘవ ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి నాటకశాలలు చూశారు. ప్రసిద్ధ నాటక రచయిత బెర్నార్డ్ షాను కలుసుకుని మాట్లాడారు. ఆ తరువాత కొన్ని సినిమాలలోనూ నటించారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో ఆయన రైతు వేషం వేశారు. జమీందారుల పెత్తనాన్ని చూపిన ఆ సినిమాను కొన్నిచోట్ల ఆడనివ్వలేదు. ఎన్ని సినిమాలు చేసినా ఆయన మనసు మాత్రం రంగస్థలం మీదే ఉండేది.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులుగారి పుట్టినరోజు కూడా. ఆ రోజును ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అందుకే తెలుగువారూ కన్నడిగులూ రాఘవను మావాడంటే మావాడంటారు.

ఊరు మారినప్పుడల్లా మనల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటే, మీది ఏ ఊరు అని. ఒక్కోసారి ఏం చెప్పాలో మనకు తోచదు. రాఘవ పుట్టింది తాడిపత్రిలో. కానీ ఆయన పేరు ముందు నిలిచింది, ఆయన పెరిగి, పనిచేసి, నాటకాలాడిన బళ్ళారి.